వేలికి గోడ ఉంది, డబ్బుకు లేదు: దంతెవాడ బయోమెట్రిక్ యంత్రం లోపల ఏం జరుగుతోంది?

పెద్ద నోట్ల రద్దు తర్వాత ‘నగదు రహిత’ గ్రామాల జాబితాలు తయారవుతున్న రోజుల్లో ఎవరూ ఊహించని పేరు ఒకటి అందులో చేరింది. అది ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా, పాల్‌నార్. ‘నార్’ అంటే గోండిలో ఊరు. చుట్టుపక్కల అటవీ గ్రామాల ఆదివాసీలు వారపు సంతకు వచ్చే ఈ ఊళ్లో ఉచిత వైఫై పెట్టారు, దుకాణాలకు చెల్లింపు యంత్రాలు ఇచ్చారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతంలో డిజిటల్ చెల్లింపులను ప్రోత్సహించినందుకు 2017లో దంతెవాడ జిల్లా యంత్రాంగానికి ప్రధానమంత్రి అవార్డు కూడా దక్కింది.

కార్డు లేనివారికి, పిన్ గుర్తుపెట్టుకోవడం కష్టమైనవారికి, స్మార్ట్‌ఫోన్ లేనివారికి ఈ వ్యవస్థలో మిగిలే దారి ఒక్కటే: వేలిముద్ర. ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, ఏజెంట్ ముందున్న చిన్న నల్ల పెట్టె మీద వేలు పెడితే ఖాతాలోంచి డబ్బు చేతికి వస్తుంది. దీన్నే ఏఈపీఎస్, అంటే ఆధార్ ఆధారిత చెల్లింపు వ్యవస్థ అంటారు. ఒక్క లావాదేవీలో 10,000 రూపాయల దాకా తీసుకోవచ్చు. ఉపాధి హామీ కూలి, పింఛను, 2024 మార్చి నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వివాహిత మహిళలకు నెలనెలా ఇస్తున్న ‘మహతారీ వందన్’ 1,000 రూపాయలు, ఇవన్నీ ఆధార్‌తో ముడిపడిన ఖాతాల్లోకే వస్తాయి. బ్యాంకు శాఖ దూరంగా ఉన్నవారికి ఆ డబ్బు నోట్లుగా మారేది ఏజెంట్ దగ్గరే.

2025-26లో ఛత్తీస్‌గఢ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 261 రూపాయలు. పది రోజుల పని, ఒక్క వేలిముద్రతో 2,610 రూపాయలు. అది సరిగ్గా అందుతుందా లేదా అన్నది బ్యాంకు మీద, ఏజెంట్ మీద, టవర్ మీద ఆధారపడి ఉంటుందని అందరికీ తెలుసు. ఆ నల్ల పెట్టెలోని చిప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ భాగం ఏ మెమరీని చూడగలదు అన్న ప్రశ్న మీద కూడా ఆధారపడి ఉంటుందన్న సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

397 సార్లు వాడిన వేలు

2017 ఫిబ్రవరిలో ఆధార్ ప్రాధికార సంస్థ (యూఐడీఏఐ) ఒక వింత గమనించింది. ఒకే వ్యక్తి బయోమెట్రిక్‌తో కొన్ని నెలల వ్యవధిలో 397 లావాదేవీలు జరిగాయి. మనిషి వేలు ప్రతిసారీ కాస్త వేరుగా పడుతుంది. ఒత్తిడి, కోణం, చెమట మారుతుంటాయి. అచ్చుగుద్దినట్టు ఒకే ముద్ర మళ్లీ మళ్లీ వచ్చిందంటే ఎవరో దాన్ని దాచిపెట్టి తిరిగి పంపుతున్నారని అర్థం. ఒక బ్యాంకు మీద, మరో రెండు సంస్థల మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. పరీక్షల కోసం చేసినవేనన్న వివరణ వచ్చింది. ఉద్దేశం ఏదైనా, ముద్రను దాచి తిరిగి వాడటం సాధ్యమేనని మాత్రం తేలిపోయింది.

అప్పటిదాకా స్కానర్ ఒక మామూలు కెమెరా లాంటిది. వేలి బొమ్మ తీసి కంప్యూటర్‌కో ఫోన్‌కో ఇచ్చేసేది. ఆ బొమ్మ అక్కడి మెమరీలో తెరిచి ఉన్నట్టే లెక్క. అదే ఏడాది యూఐడీఏఐ ‘రిజిస్టర్డ్ డివైస్’ నిబంధన తెచ్చింది. ప్రతి పరికరానికీ ఒక గుర్తింపు, ఒక రహస్య తాళం ఉండాలి, వేలిముద్ర సమాచారం దానితో సంతకమై, గుప్తంగా మారి బయటికి రావాలి. ఇందులోనే రెండు స్థాయులు పెట్టింది.

ఎల్0 స్థాయిలో ఈ సంతకం, గుప్తీకరణ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నడిచే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎల్1 స్థాయిలో ఆ పని విడిగా రక్షణ ఉన్న ప్రాంతంలో జరగాలి. ఫోన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గానీ, దాన్ని వాడే మనిషికి గానీ రహస్య తాళం దొరకకూడదు, బయటి నుంచి వేలిముద్రను లోపలికి చొప్పించే వీలు ఉండకూడదు. యూఐడీఏఐ పత్రాల సారం ఇదే. ఇటీవలి సంవత్సరాల్లో ఎల్0 పరికరాలను పక్కన పెట్టి ఎల్1కు మారాలని ఒత్తిడి పెరగడంతో ఏజెంట్లు పాత పెట్టెలు మార్చుకోవాల్సి వచ్చింది. చాలాచోట్ల ఆ ఖర్చు ఏజెంటే పెట్టుకోవాలి.

కాగితం మీద ఇది రెండు అక్షరాల తేడా. ఆచరణలో, ఒక ఆదివాసీ మహిళ ఎంతమందిని నమ్మాలి అన్న లెక్క మారిపోతుంది. ఎల్0లో ఆమె ఏజెంట్ ఫోన్‌ను, అందులోని ప్రతి యాప్‌ను, ఆ ఫోన్‌ను ‘రూట్’ చేసి ఇచ్చిన కుర్రాడిని కూడా నమ్మాలి. ఎల్1లో నమ్మాల్సింది పెట్టెలోని కొద్దిపాటి కోడ్‌ను మాత్రమే.

గోడల్లేని ఇల్లు

ఆ కొద్దిపాటి కోడ్ ఎలా నడుస్తుందో చూస్తే, ఇది ఎందుకు ఇంత కష్టమో తెలుస్తుంది.

కంప్యూటర్ మెమరీ అంటే వరుస నంబర్లున్న గదులు. ప్రోగ్రామ్ ‘ఫలానా నంబరు గదిలో ఏముంది’ అని అడుగుతుంది, లేదా అక్కడ ఏదో రాస్తుంది. కాపలా ఎవరూ లేకపోతే ఏ ప్రోగ్రామైనా ఏ గదైనా తెరవొచ్చు. పెద్ద కంప్యూటర్లలో ఈ సమస్యకు 1960ల నుంచే పరిష్కారాలు వచ్చాయి. ప్రాసెసర్‌లోనే ఒక కాపలా భాగం ఉండి, ఒక ప్రోగ్రామ్ గదులు మరో ప్రోగ్రామ్‌కు కనిపించకుండా చేస్తుంది. ఇళ్లలోని కంప్యూటర్లకు ఇది ఆలస్యంగా చేరింది. యాపిల్ మ్యాక్‌కు పూర్తి రక్షణ వచ్చింది 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌తోనే. అంతకుముందు ఒక యాప్ పిచ్చెక్కితే మొత్తం మిషన్ ఆగిపోయేది. విండోస్ 95 రోజుల నీలం తెర గుర్తున్నవారికి ఇది వివరించనక్కర్లేదు.

గోడ ఉన్న ఇంట్లోనూ ఒక గది మినహాయింపుగా ఉంటుంది. అదే కెర్నల్, ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడి. అందులోకి వెళ్లిన కోడ్‌కు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ కారణంగా ఆ సంస్థ డ్రైవర్ తనది కాని మెమరీని చదవబోయింది. ఆ డ్రైవర్ ఉన్నది కెర్నల్‌లో. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయి, శంషాబాద్ సహా అనేక విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటికి తెచ్చే పనిని మైక్రోసాఫ్ట్ ఆ తర్వాతే ముమ్మరం చేసింది.

వేలిముద్ర పెట్టె, వాషింగ్ మెషీన్, కారు బ్రేకు, కరెంటు మీటరు లాంటివాటిలో ఉండే చిన్న ప్రాసెసర్ల కథ వేరు. వాటి మెమరీ కొన్ని పదుల లేదా వందల కిలోబైట్లు. మన ఫోన్‌లో ఒక ఫొటో అంతకన్నా పెద్దది. వాటిలో నడిచేవి ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫిర్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు. సెన్సర్ నుంచి బొమ్మ తీసే పని, దాన్ని విశ్లేషించే పని, సంతకం చేసే పని, యూఎస్‌బీ తీగ ద్వారా మాట్లాడే పని, ఇవన్నీ ఒకే ఇంట్లో అడ్డుగోడలు లేకుండా కాపురం ఉంటాయి. సంప్రదాయంగా ఈ వ్యవస్థలను అలాగే కట్టారు. వేగంగా ఉండాలి, చౌకగా ఉండాలి, రాసేది ఒకే కంపెనీ, కాబట్టి ఇంట్లోవాళ్ల మీద ఇంట్లోవాళ్లకు అనుమానమెందుకు అన్నది అప్పటి ఆలోచన.

పెట్టెకు బయటి తీగ తగిలినప్పుడు ఆ ఆలోచన చెల్లదు. యూఎస్‌బీ భాగంలో ఒక చిన్న తప్పు ఉంది అనుకుందాం. ఫోన్ వైపు నుంచి కావాలని వంకరగా తయారుచేసిన సందేశం పంపితే, ఆ భాగం తనకు కేటాయించిన చోటు దాటి పక్క గదిలో రాస్తుంది. పక్క గదిలో ఉన్నది రహస్య తాళం అయితే, ఎల్1 అన్న ముద్రకు అర్థం లేకుండా పోతుంది.

ఈ ఆందోళన ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని ఓక్లహామాలో 2013 అక్టోబరులో ఒక జ్యూరీ, 2007లో ఒక మహిళ మరణించిన టొయోటా కామ్రీ ప్రమాదంలో కంపెనీని బాధ్యురాలిగా తేల్చింది. కారు ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించిన నిపుణుడు కోర్టులో చెప్పిన అంశాల్లో ఒకటి ఇదే. టాస్క్‌ల మధ్య మెమరీకి తగిన రక్షణ లేదని, ఒకటి హద్దు దాటి రాస్తే యాక్సిలరేటర్‌ను చూసుకునే టాస్క్ చచ్చిపోయే అవకాశం ఉందని ఆయన వాదించారు. టొయోటా దీన్ని ఒప్పుకోలేదు. 2011లో నాసా జరిపిన పరిశీలనలో ఎలక్ట్రానిక్ కారణానికి ఆధారం దొరకలేదు. తీర్పు వచ్చిన వెంటనే కేసు రాజీతో ముగిసింది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చి చెప్పలేకపోవడం కూడా గోడల్లేని ఇంటి లక్షణమే. ఎవరు ఎవరి గదిలోకి వెళ్లారో చెప్పే ఆనవాలు మిగలదు.

ఎనిమిది గదుల లెక్క

మరి గోడ కట్టేస్తే సరిపోతుంది కదా? కట్టడానికి సామగ్రి ఉంది. చిన్న ప్రాసెసర్లలో విస్తృతంగా వాడే ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌లలో ‘ఎంపీయూ’ అనే మెమరీ కాపలా భాగం పెట్టుకోవచ్చు. పెద్ద కంప్యూటర్లలో ఉన్నంత తెలివి దానికి ఉండదు. పాత తరం కార్టెక్స్-ఎం3, ఎం4లలో అది ఒకేసారి ఎనిమిది ప్రాంతాలకు మాత్రమే హద్దులు గీయగలదు. ప్రాంతం పరిమాణం 32, 64, 128 ఇలా రెట్టింపులలోనే ఉండాలి, అదీ తన పరిమాణానికి సరిపడే చోటే మొదలవ్వాలి. ఒక టాస్క్‌కు 33 కిలోబైట్లు కావాలంటే 64 కిలోబైట్ల హద్దు గీసి, దాన్ని ఎనిమిది ముక్కలుగా చూసి, అక్కర్లేని ముక్కలను మూసేయాలి. 128 కిలోబైట్ల ఇంట్లో ఇలా కొలతలు వేస్తూ పోతే గోడలకే స్థలం అయిపోతుంది. తర్వాతి తరం చిప్‌లలో 32 బైట్ల మెట్టుతో హద్దు గీసే వీలు వచ్చాక ఈ బాధ తగ్గింది.

హద్దులు గీయడం అయినా సగం పనే. పాత కోడ్‌లో అందరూ వాడుకునే ఉమ్మడి వేరియబుల్స్ ఉంటాయి. గోడ కట్టిన రోజున అవన్నీ తెగిపోతాయి. ఇప్పటిదాకా పక్క గదిలోకి నేరుగా చేయి చాపి తీసుకున్న వస్తువును ఇకపై కెర్నల్‌ను అడిగి తీసుకోవాలి. ప్రతి అడగడానికీ కొంత సమయం పడుతుంది. అంతకన్నా ప్రమాదకరమైంది మరొకటి ఉంది. టాస్క్ ‘ఈ నంబరు గదిలో ఫలితం రాయి’ అని కెర్నల్‌ను అడిగినప్పుడు, ఆ గది నిజంగా అడిగినవాడిదేనా అని కెర్నల్ చూసుకోవాలి. చూసుకోకపోతే దొంగ స్వయంగా గోడ దూకాల్సిన పని లేదు, కాపలావాడి చేతే పని చేయించుకుంటాడు. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఎంపీయూ రక్షణ ఏళ్ల తరబడి ఉన్నా, 2023లో వచ్చిన 10.6 వెర్షన్‌లో ఈ ద్వారాలను కొత్తగా కట్టాల్సి వచ్చింది. అప్పటిదాకా టాస్క్‌లు కెర్నల్ వస్తువుల అసలు చిరునామాలనే పట్టుకుని తిరిగేవి. ఆ తర్వాత చిరునామాకు బదులు ఒక టోకెన్ నంబరు ఇచ్చారు, ఎవరికి ఏది వాడే హక్కు ఉందో విడిగా రాసే పద్ధతి పెట్టారు.

ఇంకో దొడ్డిదారి డీఎంఏ. సెన్సర్ నుంచి బొమ్మను వేగంగా మెమరీలోకి నింపడానికి ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా పనిచేసే భాగం అది. ఎంపీయూ కాపలా కాసేది ప్రాసెసర్ నడిచే దారిని మాత్రమే. డీఎంఏకు ఆదేశాలిచ్చే అధికారం నమ్మకం లేని భాగానికి దక్కితే, గోడలన్నీ నిలబడి ఉండగానే సామాను తరలిపోతుంది. వేలిముద్ర యంత్రం లాంటి, బొమ్మలతో పనిచేసే పరికరంలో ఇది మొదట చూడాల్సిన చోటు.

మొదటి నుంచీ గోడలతోనే కట్టిన ఇళ్లూ ఉన్నాయి. అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కట్టిన ‘టాక్’ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 64 కిలోబైట్ల కంప్యూటర్‌లో కూడా పరస్పరం నమ్మకం లేని ప్రోగ్రామ్‌లను విడివిడిగా నడపొచ్చని 2017లో చూపించింది. ఆస్ట్రేలియాలో పుట్టిన ‘ఎస్ఈఎల్4’ కెర్నల్ కోడ్ తన నిర్దేశాలకు కట్టుబడే ఉంటుందని 2009లో గణితపరంగా నిరూపించారు. మన దేశంలో ఐఐటీ మద్రాస్ ‘శక్తి’ ప్రాసెసర్ల దారిలో వచ్చిన చెన్నై సంస్థ మైండ్‌గ్రోవ్ 2024లో ‘సెక్యూర్ ఐఓటీ’ అనే చిప్‌ను విడుదల చేసింది. కాబట్టి సాంకేతికత లేక ఆగిన పని కాదిది. పాత పరికరానికి తర్వాత గోడ కట్టడం, అప్పటికే కాపురమున్న ఇంట్లో మరమ్మతు లాంటిది. డబ్బు ఎక్కువ, తలనొప్పి ఎక్కువ, బయటికి కనిపించే ఫలితం తక్కువ. పైగా ఆ పెట్టెల్లోని కోడ్ బయటివారు చదవడానికి లేదు. గోడ ఎంత మందం ఉందో ధ్రువపత్రం ఇచ్చిన ప్రయోగశాలకు తెలుస్తుంది, వేలు పెట్టేవారికి తెలియదు.

గోడ ఎక్కడి దాకా?

ఎల్1 గోడ అనుకున్నట్టే పనిచేసినా, అది ఆపలేని మోసాలు ఏమిటో తెలుగు రాష్ట్రాలకు బాగా తెలుసు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల డీలర్, ఆన్‌లైన్‌లో దొరికిన భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేలాది సిమ్‌లను యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. తర్వాతి సంవత్సరాల్లో ఇదే పద్ధతిలో ఏఈపీఎస్ ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలనూ పోలీసులు పట్టుకున్నారు. రబ్బరు వేలు సెన్సర్ మీద పెడితే ఎల్1 పరికరం దాన్ని కూడా భద్రంగా సంతకం చేసి పంపుతుంది. దీని కోసమే యూఐడీఏఐ 2023 ఫిబ్రవరిలో, వేలి గీతల బిందువులతో పాటు వేలి బొమ్మను కూడా పోల్చి అది సజీవమైన వేలా కాదా అని చూసే పద్ధతి ప్రవేశపెట్టింది.

నమోదు దగ్గరే తప్పు జరిగితే ఇక చెప్పేదేముంది. బస్తర్ జిల్లా తాలూర్ గ్రామంలో ‘మహతారీ వందన్’ జాబితాలో సినీ నటి సన్నీ లియోనీ పేరుతో ఒక ఖాతాకు నెలనెలా 1,000 రూపాయలు వెళ్తున్న సంగతి 2024 డిసెంబరులో బయటపడి దేశమంతా నవ్వుకుంది. అక్కడ ఏ చిప్పూ తప్పు చేయలేదు.

ఇవన్నీ పక్కన పెట్టి, అంతా సవ్యంగా ఉన్న లావాదేవీనే చూద్దాం. ఏజెంట్ తన ఫోన్‌లో ఆధార్ నంబరు కొడతాడు, బ్యాంకు ఎంచుకుంటాడు, మొత్తం కొడతాడు. తర్వాత పెట్టెను ముందుకు జరుపుతాడు. మహిళ వేలు పెడుతుంది. పెట్టె లోపల ఆమె ముద్ర సంతకమై, గుప్తమై ఫోన్‌కు వెళ్తుంది. ఫోన్ దాన్ని మొత్తంతో కలిపి బ్యాంకుకు పంపుతుంది.

ఆమె వేలు గోడకు ఇవతల ఉంది. ఆమె తీసుకుంటున్న మొత్తం గోడకు అవతల, ఏజెంట్ తెర మీద ఉంది. ఆమె 500 అడిగితే అతను 1,500 కొట్టినా పెట్టెకు తెలియదు. ఆ పెట్టెకు తెర లేదు, గొంతు లేదు. ‘ఫెయిల్ అయింది, మళ్లీ పెట్టు’ అంటే ఆమె మళ్లీ పెడుతుంది. ఏఈపీఎస్ ఫిర్యాదుల్లో పదేపదే వినిపించే మాట ఇది. రెండు సంతకాలూ అసలైనవే. బ్యాంకు రికార్డులో అంతా సక్రమం. పైగా ఎల్1 వచ్చాక ఆ రికార్డు బరువు పెరిగింది. ‘ముద్రను ఎవరూ చొప్పించలేరు, కాబట్టి వేలు మీరే పెట్టారు, కాబట్టి డబ్బు మీరే తీసుకున్నారు’ అనడం సులువైంది. ఈ వాక్యంలోని మొదటి రెండు ముక్కలు నిజమే కావచ్చు. మూడోది వాటి నుంచి రాదు.

హైదరాబాద్‌లో సూపర్ మార్కెట్‌లో కార్డు గీకే వ్యక్తి పరిస్థితి ఇలా ఉండదు. కార్డు యంత్రాలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. పిన్ కొట్టే మీటలు, వాటి పక్కన మొత్తం చూపే తెర ఒకే రక్షిత యంత్రంలో ఉంటాయి. యంత్రాన్ని తెరవబోతే లోపలి తాళాలు చెరిగిపోతాయి. ‘2,610 రూపాయలు’ అని చూసి పిన్ కొడతారు. అంటే చూసినదానికి, ఒప్పుకున్నదానికి మధ్య ఎవరూ దూరలేరు. తన పేరు రాయడం కూడా రాని మనిషి వాడే యంత్రానికి ఇంతకన్నా ఎక్కువ రక్షణ ఉండాలి. దంతెవాడ సంతలోని పెట్టెకు అంత కూడా లేదు. బ్యాంకు ఖాతాకు ఫోన్ నంబరు ముడిపడి ఉంటే ఎస్ఎంఎస్ వస్తుంది. ఫోన్ ఇంట్లో కొడుకు దగ్గర ఉంటే, సిగ్నల్ లేకపోతే, అక్షరాలు చదవడం రాకపోతే ఆ ఎస్ఎంఎస్ ఎవరికోసం?

గొంతు ఉన్న పెట్టె

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. విజయవాడలో టీ బండి దగ్గర కూడా యూపీఐ సౌండ్‌బాక్స్ తెలుగులో మొత్తం చదివి వినిపిస్తోంది. అది వినిపించేది వ్యాపారికి, తన డబ్బు తనకు వచ్చిందో లేదో తెలియడానికి. అదే పనిని కొనేవారి వైపు, తీసుకునేవారి వైపు పెట్టొచ్చు. మొత్తాన్ని కూడా గోడ లోపలికి తీసుకురావాలి, పెట్టె దాన్ని గోండిలో, హల్బీలో పలకాలి, ఆ తర్వాత పడిన వేలిముద్రతో కలిపి ఒకే సంతకం చేయాలి. 10,000 లోపు అంకెలు పలకడానికి వందలోపు పదాల రికార్డింగ్ చాలు. నేటి చిన్న చిప్‌కు అదేమీ బరువు కాదు. బరువు మరోచోట ఉంది. యూఐడీఏఐ ముద్ర బాధ్యత తనదంటుంది, మొత్తం బాధ్యత బ్యాంకులదీ ఎన్‌పీసీఐదీ. రెండు సంస్థల మధ్య ఉన్న గీతే పెట్టె లోపలి గీతగా మారింది.

ఇప్పటికి నిబంధనలు ఏజెంట్ వైపు బిగుస్తున్నాయి. ఏఈపీఎస్ ఏజెంట్ల వివరాలను బ్యాంకులు పూర్తిగా పరిశీలించాలని, మూడు నెలలు వరుసగా లావాదేవీలు చేయని ఏజెంట్‌ను మళ్లీ తనిఖీ చేశాకే అనుమతించాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది. 2026 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చేలా గడువు పెట్టింది. మోసగాళ్లను ఏరివేయడానికి ఇది అవసరమే. కానీ వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోయే లోపలి గ్రామాల్లో, ఉన్న ఒక్క ఏజెంట్ కొన్నాళ్లు కనిపించకపోతే అతను మోసగాడే కానక్కర్లేదు. మావోయిస్టు ప్రాబల్య ప్రాంతాల్లో తొలి దశలో వేసిన 2,343 టవర్లు 2జీవే. వాటిని 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది 2022లో. భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు సేవలందించే ‘నియాద్ నెల్లానార్’ పథకం 2024లో మొదలైంది. ‘మీ మంచి ఊరు’ అని ఆ గోండి మాటకు అర్థం. శిబిరంతో పాటు టవర్, టవర్‌తో పాటు వేలిముద్ర పెట్టె ఊళ్లోకి నడిచి వస్తున్నాయి. ప్రభుత్వంతో మొదటి పరిచయమే ఆ పెట్టె ద్వారా జరిగే కుటుంబాలు బస్తర్‌లో ఉన్నాయి. ఆ పరిచయం ఎలా మొదలవుతుందన్నది చిన్న విషయం కాదు.

ఈలోగా గోడ మళ్లీ కదులుతోంది. వేళ్లు అరిగిపోయినవారికి ప్రత్యామ్నాయంగా యూఐడీఏఐ ముఖ గుర్తింపు యాప్‌ను ప్రోత్సహిస్తోంది. తెలంగాణలో చేయూత పింఛన్ల పంపిణీకి 2025లో ముఖ గుర్తింపు మొదలుపెట్టారు. రాయి, మట్టి, కొడవలి పనితో గీతలు చెరిగిన చేతులకు ఇది నిజంగా మేలు. బస్తర్ నుంచి ఏటా జనవరి వస్తే మిర్చి ఏరడానికి ఖమ్మం, భద్రాద్రి, ములుగు చేలకు వేల మంది కూలీలు వస్తారు. కారం, ఎండ మధ్య నెలల తరబడి పనిచేసి ఏప్రిల్‌లో వెనక్కి వెళ్లేసరికి వాళ్ల వేళ్లను సెన్సర్ ఎన్నిసార్లు తిరస్కరిస్తుందో సంతలో వరుసలో నిలబడ్డవారికే తెలుసు.

కానీ ముఖ గుర్తింపు యాప్‌కు విడిగా నల్ల పెట్టె లేదు. అది నడిచేది ఏజెంట్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఆ ఫోన్ కెమెరాతో, మిగతా యాప్‌ల పక్కనే. ఏ ఫోన్‌ను నమ్మలేకనే ఎల్1 పరికరాలు తెచ్చారో, ఆ ఫోన్ దగ్గరికే లావాదేవీ తిరిగి వెళ్తోంది. యాప్‌ను, ఫోన్‌ను తనిఖీ చేసే పద్ధతులు ఉన్నాయి, అవి మెరుగుపడుతున్నాయి కూడా. ఏజెంట్ ఫోన్‌ను ఆమె ముఖం ముందుకు తిప్పుతాడు. రెప్ప వేయమంటాడు. ఆ క్షణంలో ఆమెకు తెర మీద కనిపించేది తన ముఖమే, ఎంత డబ్బు తీస్తున్నారన్న అంకె కాదు.